పోయేటప్పుడే ఆగే బండి

మా మరదలు దేవకుమారి ఇప్పుడు నర్సరీలో కవర్లకి చిల్లులు పెడుతుందండి. మట్టి నింపి మొక్క పెట్టే నల్ల కవర్లుంటాయి చూడండి, వాటికి అడుగున నీళ్ళు కారిపోవడానికి చిల్లులుండాలి. చిల్లుల్లేని కవర్లు కట్టలు కట్టలుగా వచ్చాయనుకోండి, కింద చెక్కముక్క పెట్టుకుని పంచ్ మీద సుత్తితో ఒక్కొక్కటే వేసుకోవాలి. కొత్తగా పనిలోకొచ్చిన ఆడపిల్లలు, చూపు ఆనని ముసలమ్మలు చేసే పని అది.

అంటు కట్టడంలో కడియపులంక మొత్తం మీద కుమారి తర్వాతే ఎవరైనా. అలాంటి మనిషి చిల్లులు కొట్టుకుంటూ కూర్చుందేంటని జనం నన్నడుగుతారు. దాన్ని అడగరు, అడిగినా అది చెప్పదు. నేను నోరున్నదాన్ని కదా, అందుకని నన్ను పట్టుకుంటారు. ఇన్నాళ్ళూ "మీకెందుకండీ, మీ పని మీరు చూసుకోండి" అని కసిరి పంపించేశాను. మొన్న చర్చి దగ్గర ఒకావిడ, "మొగుడు పోయాక చెయ్యి పోయినట్టుంది పాపం" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పోలేదమ్మా, భేషుగ్గా ఉంది, అసలు సంగతేంటో చెప్తాను వినండి.

నా పేరు తబిత. బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతాను. నేను కేకేస్తే పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడతారు, అదీ నా గొంతు. శ్యాంబాబు నా తమ్ముడు, కుమారి వాడి పెళ్ళాం. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్యన ఒక్కటే గోడ. వాళ్ళకి పిల్లలు కలగలేదు. గోడకి ఇవతల నేనొక్కదాన్ని అరుస్తుంటే అవతల వాళ్ళిద్దరూ నవ్వుకునేవారు.

కుమారిది కొవ్వూరు, గోదారికి అవతల పుట్టిన పిల్ల. కాపరానికొచ్చినప్పుడు దానికి మొక్క పట్టుకోవడం కూడా చేతకాదు. మా అమ్మే నేర్పింది. వేరు మొక్కని కోసి, చీలిక పెట్టి, మంచి జాతి కొమ్మని చెక్కి అందులో దూర్చి, పైన పాలిథిన్ పట్టీ చుట్టి బిగించాలి. కిటుకంతా ఆ చుట్టడంలోనే ఉంది. "గాలి చొరబడిందా, కొమ్మ ఎండిపోద్ది. నీళ్ళు దిగాయా, కుళ్ళిపోద్ది" అని అమ్మ పొద్దస్తమానం అంటూ ఉండేది. నాకూ నేర్పబోయింది. నేను కట్టినవి కట్టినట్టే చచ్చాయి. "నీకు నోటి బిగువే గానీ ముడి బిగువు లేదే" అని నన్ను పొయ్యి దగ్గరికి తోలేసింది.

కుమారి మాత్రం పట్టేసింది. దాని కట్టుకో గుర్తుంటుంది. పట్టీని కిందనించి పైకి ఒకదాని మీద ఒకటి ఎక్కేలా చుట్టి, చివరి కొసని లోపలనించి లాగి వదిలేస్తుంది. ఆ కొస చిన్న చెవిలా పైకి నిలబడి ఉంటుంది. మడి నిండా అంట్లున్నా సరే, కుమారి కట్టినవేవో నేను గట్టు మీదనించే చెప్పేస్తాను. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతులకి ఎప్పుడూ మామిడి జీడి మరకలు. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు నిమ్మచెక్క పెట్టి తోముకునేది, అయినా పోయేవి కావు.

మా తమ్ముడు దానికి పూర్తిగా రివర్సు. నోరు మూతపడేది కాదు. సెకండ్ హ్యాండులో ఒక చిన్న ట్రక్కు కొనుక్కుని తణుకు, భీమవరం, ఏలూరు వైపు మొక్కల లోడు తోలేవాడు. బండి బాగానే ఉండేది గానీ డీజిల్ ట్యాంకు మూతకి లోపల రబ్బరు పోయింది. మా దగ్గర మొక్కల్ని లోడు ఎక్కించాక పైపుతో బాగా తడుపుతారు, దారిలో వాడిపోకుండా. ఆ నీళ్ళు కారి కారి ఓసారి ట్యాంకులోకి దిగిపోయాయి. డీజిల్లో నీళ్ళు కలిసి నానా యాతనా అయింది, ట్యాంకు దింపి కడిగించాల్సి వచ్చింది. కొత్త మూత కోసం తిరిగితే ఆ బండికి సరిపడేది దొరకలేదు. "చూద్దాంలే" అన్నాడు వాడు. వాడికి అన్నీ చూద్దాంలేలే.

అప్పుడు కుమారి ఏం చేసిందంటే, లోడయ్యాక, నీళ్ళు కొట్టకముందు, ఆ మూత చుట్టూ పాలిథిన్ పట్టీ చుట్టి బిగించేసింది. అచ్చం అంటు కట్టినట్టే. ఆ రోజు మా తమ్ముడు నన్ను గోడ మీదనించి పిలిచి మరీ చూపించాడు.

"అక్కా, చూశావా? మా ఆవిడ నా బండికి అంటు కట్టింది. వచ్చే ఏడు చిన్నచిన్న బళ్ళు కాస్తది, నీకొకటి ఇస్తాలే."

"నీ మొహం! ఆ పిల్ల కట్టబట్టి సరిపోయింది. లేకపోతే ఈసారి ఇంజన్లో చేపలు పెంచుకునేవాడివి" అన్నాను నేను. కుమారి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

అది మొదలు లోడు ఎక్కిన ప్రతి పొద్దున్నా ఇదే వరస. లోడు దింపాక, కిరాయి చేతిలో పడ్డాక, అవతల బంకులో డీజిల్ పట్టించేవాడు. అక్కడ ఆ పట్టీ కోసేసి మూత మామూలుగా పెట్టుకుని వచ్చేసేవాడు. మళ్ళీ లోడు ఎక్కినప్పుడు కుమారి కొత్త పట్టీ చుట్టేది.

ఆ రోజుల్లోనే బండి ఆగిపోవడం మొదలెట్టింది. బాగానే బయల్దేరుద్ది. హైవే ఎక్కి, వేగం అందుకుని, జొన్నాడ దగ్గరికి వెళ్ళేసరికి గుర్రు గుర్రుమని రెండు జెర్కులిచ్చి టక్కున ఆగిపోద్ది. సెల్ఫ్ కొడితే ఉలకదు, పలకదు. ఒక టీ తాగొచ్చి మళ్ళీ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టయిపోద్ది. ఇంకాస్త దూరం వెళ్ళి మళ్ళీ అదే పాట. చిత్రం ఏంటంటే పోయేటప్పుడే ఆగేది. వచ్చేటప్పుడు ఒక్కనాడూ ఆగలేదు. ఖాళీగా వస్తాడు కాబట్టి అనుకుందామంటే ఎరువు బస్తాలేసుకుని వచ్చిన రోజు కూడా ఆగలేదు.

మెకానిక్కుల చుట్టూ తిరిగాడు. ఒకడు ఫిల్టరు అన్నాడు, మార్పించాడు. ఇంకొకడు పైపులన్నాడు, మార్పించాడు. ఇంకో మహానుభావుడు పంపే విప్పి బిగించాడు. షెడ్డుకి తీసుకెళ్తే బండి ఎంత బుద్ధిగా నడిచేదో! "ఏ రోగమూ లేదండీ, మీరే క్లచ్ సరిగ్గా వదలట్లేదేమో" అన్నాడొకడు. ఇన్నేళ్ళు బండి తోలినోడికి క్లచ్ వదలడం రాదంట! నేను గానీ అక్కడుంటే వాడి పని చెప్పేదాన్ని.

మా తమ్ముడు మాత్రం నవ్వులాటకే తీసుకున్నాడు. "దీనికీ మా ఆవిడంటే బెంగక్కా. ఇల్లు వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రావు. ఇంటికి రమ్మంటే మాత్రం ఎగురుకుంటూ వస్తది" అనేవాడు. ఆ మాటకి కుమారి సిగ్గుపడి లోపలికి వెళ్ళిపోయేది. 

కిందటేడు వానలు మొదలయ్యే ముందు, మొక్కలకి మంచి గిరాకీ టైములో, ఏలూరు లోడేసుకుని పొద్దున్నే బయల్దేరాడు. జొన్నాడ దాటాక గౌతమి మీద బ్రిడ్జి ఉంది కదండీ, దాని మధ్యలో బండి ఆగిపోయింది. హైవే మీద బండి ఆగితే డ్రైవర్లు ఏం చేస్తారు? ఓ కొమ్మ విరిచి వెనకాల రోడ్డు మీద పడేస్తారు, వచ్చే బళ్ళకి తెలియడానికి. బ్రిడ్జి మీద చెట్టెక్కడిది? బండిలోంచే క్రోటన్ మొక్కొకటి దించి, కొంచెం వెనక్కి తీసుకెళ్ళి రోడ్డు మీద పెడుతున్నాడంట. పెట్టి లేచేలోగా లారీ వచ్చేసింది.

అంతేనండి. ఇంకేం చెప్పను. మేం వెళ్ళేసరికి ఆ మొక్క మాత్రం చెక్కు చెదరకుండా రోడ్డు మీద అలాగే నిలబడి ఉంది.

నేను రోడ్డు మీద పడి దొర్లి ఏడ్చాను. కుమారి ఏడవలేదు. సమాధి తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నా ఏడవలేదు. ఆదరణ కూడికలో ఊరంతా చుట్టూ కూర్చుని పాటలు పాడుతుంటే, ఏదో పరాయి వాళ్ళ ఇంటికి వచ్చినట్టు గోడకానుకుని కూర్చుంది. "ఏడవ్వే తల్లీ, ఏడిస్తే తేలికవుద్ది" అని బతిమాలాను. "రావట్లేదు వదినా" అంది. అంతే. తర్వాత పనికి వెళ్ళడం మొదలెట్టింది. అంట్లు కట్టేది. కంచంలో పెడితే తినేది, పెట్టకపోతే లేదు. టీ ఇస్తే చల్లారిపోయేదాకా చేతిలో పట్టుకుని కూర్చునేది. దానికి బాధ లేదేమోనని గుసగుసలాడిన వాళ్ళున్నారు. వాళ్ళకి నేను పెట్టిన గడ్డి ఇక్కడ చెప్పకూడదులెండి. నిజానికి ఆ పిల్లని చూస్తే నాకే భయమేసేది. లోపల దీపం ఆర్పేసి తలుపులు తీసి పెట్టిన ఇల్లులా ఉండేది.

పోలీసులు కేసు రాసుకుని, కొన్నాళ్ళు స్టేషన్ దగ్గర ఉంచుకుని, బండిని ఇచ్చేశారు. తాడు కట్టి లాక్కొచ్చి ఇంటి పక్కన పెట్టించాం. వెనకాల లైటు పగిలింది, ఓ పక్క గీసుకుపోయింది, అంతకు మించి ఏం కాలేదు. మనిషి పోయాడు, బండికేం కాలేదు! దాన్ని చూసినప్పుడల్లా నా నోరు ఊరుకునేది కాదు. కుళాయి దగ్గర బిందె పెట్టినప్పుడూ అదే తిట్టు, కూర తరుగుతున్నప్పుడూ అదే తిట్టు. "ఈ బండిని ఎవడు పాడు చేశాడో గానీ వాడి చేతులు పడిపోను! నా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు." ఆ మూడో మెకానిక్కే ఏదో చేసుంటాడని నా అనుమానం. కుమారి పక్కనే ఉండేది. వినేదో లేదో నాకు తెలియదు.

క్రిస్మస్ నెల వచ్చింది. అందరూ ఇళ్ళ మీద స్టార్లు కట్టుకున్నారు. మా రెండిళ్ళకీ కట్టలేదు. అప్పుడు మడికి ఊరి నించి ఒకాయన బండి కొంటానని వచ్చాడు. నాకైతే ఆ దరిద్రం కళ్ళ ముందునించి పోతే చాలనిపించింది. కుమారి గడపలో నిలబడి, "ఎందుకు ఆగిందో తెలిశాక ఇస్తానండి" అంది.

"తెలిసి ఏం చేస్తావే?" అన్నాను నేను ఆయన వెళ్ళాక.

"తెలియాలి వదినా."

"మనిషి తిరిగొస్తాడా?"

"రాడు. తెలియాలి."

అన్ని నెలల్లో అది నోరు తెరిచి కావాలన్నది అదొక్కటే. అన్నం అక్కర్లేదు, చీర అక్కర్లేదు, బండి ఎందుకు ఆగిందో కావాలి. అంతగా అడుగుతుంటే కాదనడం నా వల్ల కాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ తెలియాలని ఉంది. ఎవణ్ణి తిట్టాలో తెలియక ఊరందరినీ తిడుతున్నాను. పేరు తెలిస్తే వాడి ఇంటి ముందుకే వెళ్ళి తిడదామని నా కోరిక.

జొన్నాడ ఒడ్డున పల్లంరాజు అని ఉన్నాడు. చేపలు పట్టే వాళ్ళ కుర్రాడు, అంటే ఇప్పుడు కుర్రాడేం కాదు, నడివయసు. పడవ ఇంజన్లు బాగు చేస్తూ చేస్తూ చిన్న బళ్ళు కూడా పట్టుకున్నాడు. చేతిలో పనుంది గానీ నోటికి తాళం లేదని అందరూ అంటారు. నాకు నచ్చాడు. ఫోన్ చేస్తే బ్యాటరీ ఒకటి మోపెడ్ మీద కట్టుకుని మర్నాడే వచ్చాడు.

"ఏంటండీ అక్కగారు, బండిని పాదు మీద పెట్టారా?" అన్నాడు. నిజంగానే దొండతీగ పాకి బండికి ఒక పక్కంతా కప్పేసింది. చక్రాల దాకా తీగే. అతను బానెట్ ఎత్తి, బ్యాటరీ పెట్టి, అదీ ఇదీ కదిపి చూశాడు. నేను మొదటినించీ చెప్పుకొచ్చాను. ఫిల్టరు సంగతి, పైపుల సంగతి, పంపు విప్పిన వాడి సంగతి. "వాడి చేతులు పడిపోను" అని కలిపాను అలవాటుగా.

పల్లంరాజు అన్నీ విని, "ఎప్పుడు ఆగేదండీ?" అన్నాడు.

"పోయేటప్పుడు" అంది కుమారి. అప్పటిదాకా అది ఉందన్న సంగతే అతనికి తెలియదు.

"వచ్చేటప్పుడో?"

"ఆగేది కాదండి."

"లోడుంటేనా?"

"వచ్చేటప్పుడు ఎరువు లోడున్నా ఆగేది కాదండి."

 అతను తల గోక్కున్నాడు. "ఇదేదో తమాషాగా ఉందే. పోయేటప్పుడు ఉండి వచ్చేటప్పుడు లేనిది ఏదో ఉండాలి కదా. తోలి చూస్తేగాని చెప్పలేం. మీరూ రండి, ఎక్కడ ఎలా ఆగేదో చూపిద్దురుగాని" అన్నాడు.

తీగ తెంపుకుని బండి బయటికొచ్చింది. ముగ్గురం ముందు ఇరుక్కుని కూర్చున్నాం. నడుపుతూ అతను, మధ్యలో కుమారి, కిటికీ వైపు నేను. బండి చక్కగా నడిచింది. హైవే ఎక్కింది. రోడ్డు పక్క నర్సరీలు అయిపోయి కొబ్బరితోటలొచ్చాయి.  కుమారి ఎదురుగా రోడ్డు చూస్తూ కూర్చుంది, బస్సులో ఊరెళ్తున్న దానిలాగ.

జొన్నాడ దాటి, బ్రిడ్జి ఇంకా కొంచెం దూరం ఉందనగా బండి గుర్రు గుర్రుమంది. రెండు జెర్కులిచ్చింది. ఆగిపోయింది.

"ఇలాగే అని చెప్పేవాడు" అంది కుమారి.

పల్లంరాజు బండిని పక్కకి దొర్లించి దిగాడు. సెల్ఫ్ కొట్టి చూశాడు, ఇంజను దగ్గర ఒక పైపు వదులు చేసి చూశాడు. "డీజిల్ రావట్లేదండీ. ట్యాంకులో చూస్తే ఉంది, ఇక్కడికి మాత్రం రావట్లేదు" అని గొణుక్కుంటూ ట్యాంకు వైపు వెళ్ళాడు. మేమిద్దరం వెనకే వెళ్ళాం. తెగిన దొండతీగ ఇంకా వేలాడుతోంది. దాన్ని లాగి పారేశాడు.

ట్యాంకు మూత బయటపడింది. దాని చుట్టూ పాలిథిన్ పట్టీ, దుమ్ము పట్టి ఉంది. ఒకదాని మీద ఒకటి ఎక్కిన చుట్లు. చివర కొస చిన్న చెవిలా పైకి నిలబడి ఉంది.

గట్టు మీదనించే నేను గుర్తుపట్టే కట్టు అది. 

పల్లంరాజు జేబులోంచి చాకు తీసి పట్టీ కోశాడు. మూత తిప్పాడు. ఉస్సుమని ఒక చప్పుడు. ట్యాంకు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అతను పరుగున వెళ్ళి, పైపు బిగించి సెల్ఫ్ కొట్టాడు. కాసేపు కొట్టుకుని, ఇంజను అందుకుంది.

"ఓర్నాయనో!" అని పడీ పడీ నవ్వాడు. "ఇదా సంగతి! ఇంత చిన్న దానికా ఫిల్టర్లూ పంపులూ మార్పించారు? చూడండి అక్కగారు, డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. ఇలా బిగించేస్తే గాలెక్కడినించి వస్తది? పంపు పీల్చీ పీల్చీ ఇంక రాక ఊరుకుంటది. కాసేపు ఆగితే ఏ సందులోంచో కాస్త దిగుద్ది, మళ్ళీ నడుస్తది. పడవల మీద డీజిల్ డబ్బా మూత వదులు చెయ్యడం మర్చిపోతే మాకూ నడి గోదాట్లో ఇదే తంతు. అది సరేగానీ, ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది? అంటు కట్టినట్టు కట్టాడు మహానుభావుడు!"

అతనికి తెలియదు పాపం. నేను కుమారి వైపు చూడలేదు. తమ్ముడి మీద ఈగ వాలనివ్వని దాన్ని నేను, నా నోటికి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా అండీ?

"మా తమ్ముడే కట్టుంటాడు. వాడివన్నీ ఇలాంటి పనులే, చెప్తే వినే రకమా!" అన్నాను. గట్టిగా అన్నాను, తిట్టినట్టు అన్నాను. పోయినోడికి ఎలాగూ నొప్పుండదు కదా.

"కాదండి" అంది కుమారి. "నేను కట్టాను. ఆ రోజు పొద్దున్న కట్టిందే ఇది. నీళ్ళు దిగకుండా."

పల్లంరాజు నవ్వు సగంలో ఆగిపోయింది. బ్రిడ్జి మీద ఏం జరిగిందో ఆ చుట్టుపక్కల తెలియని వాళ్ళు లేరు. అతను చేతిలోని పట్టీ వైపు చూసుకున్నాడు, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

కుమారి చెయ్యి చాపి ఆ పట్టీ తీసుకుంది. వేళ్ళతో తడిమింది. "దీనికి చిన్న చిల్లు పెట్టుంటే సరిపోయేదాండి?" అని అడిగింది. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

అతను నా వైపు చూశాడు. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. కుమారి మళ్ళీ అడిగింది. "ఎంత చిల్లు పెట్టాలండి?"

"సూది మొనంత... చాలమ్మా" అన్నాడు.

"ఊఁ" అంది కుమారి.

పల్లంరాజు గబగబా మాటలు మొదలెట్టాడు. "అయినా ఇదొక్కటే కారణం అని చెప్పడానికి లేదు చెల్లెమ్మా. పాత బండి, ఇంకా ఏమైనా ఉండొచ్చు. ఇప్పుడు మూత మామూలుగా పెట్టి బ్రిడ్జి దాటి వెనక్కొద్దాం. అప్పుడు కూడా ఆగిందనుకో, రోగం వేరే ఉన్నట్టే. ఉంటది, ఉండి తీరుద్ది. రండి, ఎక్కండి."

మంచివాడండి. నేను ఆ మాట పట్టుకుని వేలాడాను. బండెక్కి కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ప్రభువా, ఈ బండిని ఆపు. నడి బ్రిడ్జి మీద ఆపు. ఇంజను ముక్కలైపోయినా సరే, ఒక్కసారి ఆగిపోయేలా చెయ్యి, ఈ పిల్ల తప్పు కాదని తేలిపోతుంది. బండి ఆగకుండా చూడమని అన్నాళ్ళూ వాడు బయల్దేరినప్పుడల్లా ప్రార్థన చేసిన దాన్ని నేనేనండి. ఇప్పుడు ఆపమని అడుగుతున్నాను.

బ్రిడ్జి ఎక్కింది. కింద ఇసుక తిన్నెలు, మధ్యలో నీళ్ళు. ఇంజను ఒక్క పొల్లు చప్పుడు లేకుండా నడుస్తోంది. వాడు పోయిన చోటు దగ్గర పడుతోంది. నేను కళ్ళు తెరిచి పల్లంరాజు కాలు వైపు చూశాను. గేరులో ఉండగా ఆ క్లచ్ మీదనించి కాలు ఒక్కసారి వదిలేస్తే, వేగం తగ్గించి వదిలేస్తే, బండి ఆగిపోద్ది కదా. ఎంత పనండీ! అతనికీ అదే తోచింది. బండి నెమ్మదించింది. కాలు క్లచ్ మీదికి పాకింది.

కుమారి కూడా అతని కాలు వైపే చూస్తోంది. డ్రైవరు పెళ్ళాం, దానికి తెలియదా?

"మీరు ఆపకండన్నా" అంది. "దానంతట అది ఆగుద్దేమో చూద్దాం."

అతను కాలు తీసేశాడు. ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఆ చోటు వచ్చింది, వెళ్ళిపోయింది. బ్రిడ్జి దిగి, రావులపాలెం సెంటర్ దాకా వెళ్ళి, అరటి గెలల బళ్ళ మధ్య తిప్పుకుని మళ్ళీ బ్రిడ్జి ఎక్కాం. మళ్ళీ ఆ చోటు వచ్చింది, మళ్ళీ వెళ్ళిపోయింది. నేను ప్రార్థన చేస్తూనే ఉన్నాను, పెదాలు కదిలేలా చేస్తూనే ఉన్నాను.

జొన్నాడ దాటాక కుమారి పట్టీని మడత పెట్టి జాకెట్లో దోపుకుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వైపు చూసింది.

"చేతులు పడిపోవాలన్నావు కదా వదినా" అంది. నిష్ఠూరంగా కాదు, గుర్తొచ్చి అన్నట్టు అంది. అంటే అన్నీ వింది. కుళాయి దగ్గరివీ, కత్తిపీట దగ్గరివీ, అన్నీ.

 నాకు, తబితకి, మాట రాలేదండి. ఆ రెండు చేతులూ లాక్కుని నా ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండే చేతులు, జీడి మరకలతో నల్లగా ఉన్నాయి. నేను భోరున ఏడుస్తున్నాను. నా కన్నీళ్ళు దాని చేతుల మీద పడుతుంటే అది తుడుచుకోలేదు, వెనక్కి లాక్కోలేదు. రోడ్డు చూస్తూ కూర్చుంది. దాని కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"ఆగలేదు వదినా" అంది.

లేదండి. ఇంటి దాకా ఎక్కడా ఆగలేదు.